బడి పిల్లల్నీ ఊరి పెద్దల్నీ ఒకచోట కూర్చోబెట్టాలంటే ఏం చేయాలి?

అడిగినవారు విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో కొత్తగా చేరిన టీచరు. ఊళ్ళో అరవై దాటినవాళ్ళు అరుగుల మీద పొద్దుపుచ్చుతున్నారు, పిల్లలు బడి వదలగానే ఫోన్లలో దూరుతున్నారు, ఇద్దర్నీ కలిపి ఏ కార్యక్రమం పెడితే బాగుంటుంది, పోనీ పట్నంలో ఉన్న వృద్ధాశ్రమానికి పిల్లల్ని తీసుకెళ్తే సరిపోతుందా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. ఇద్దరి చేతులూ పడితే తప్ప పూర్తికాని చిన్న పని ఒకటి వెతకండి. దాన్ని వారానికొక గంట, అవే జట్లతో, కనీసం మూడు నెలలు నడపండి. సన్మానాలూ ఉపన్యాసాలూ ఒక్కరోజు సందర్శనలూ దీని ముందు ఆగవు. వృద్ధాశ్రమం సంగతి చివర్లో చెప్తాను, అది వేరే లెక్క.

నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు ఉద్దానంలో (సముద్రం వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతం), మిగతా సగం నాగావళి ఒడ్డు పల్లెల్లో. ఈ విషయంలో నాకు ట్రైనింగులేమీ లేవు. చేసి, చెడగొట్టుకుని, మళ్ళీ చేసి నేర్చుకున్నదే.

ముందు చెడగొట్టిన కథ. పదిహేనేళ్ళ కిందట మేము కూడా అందరిలాగే అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవమని, బడిలో షామియానా వేశాం. నలభై మందిని పిలిస్తే పద్దెనిమిది మంది వచ్చారు. మిగతావాళ్ళు ఏరీ అంటే, ఆ రోజే ఊళ్ళో పింఛన్లు ఇస్తున్నారు! ఒకటో తారీఖు కదా, మాకెవరికీ తట్టనేలేదు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. మైకులో సినిమా పాట, పిల్లల డాన్సు, పెద్దవాళ్ళు చెవులు మూసుకుని కూర్చున్నారు. చివర్లో శాలువాలు, ఫొటోలు. వెళ్ళేటప్పుడు ఒక మామ్మ నా దగ్గరకొచ్చి, "శాలవలు కప్పినారు బాబూ, గుక్కెడు నీల్లు మాత్రం ఎవులూ ఇవ్వనేదు" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

(ఇప్పుడు పింఛను ఒకటో తారీఖునే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు, ఒకటి సెలవురోజైతే ముందురోజే. ఆ రెండు రోజులూ ఏమీ పెట్టకండి. మనిషి ఇంట్లో లేకపోతే పింఛను తప్పిపోతుందన్న బెంగ ముందు మీ కార్యక్రమం ఎందుకూ కొరగాదు.)

అసలు దారి అనుకోకుండా దొరికింది. మా బడి వాచ్‌మన్ మంచం కుక్కి అయిపోయింది. పడుకుంటే నడుం నేలకి ఆనేది. ఊళ్ళో ఒకాయనకి నులక అల్లడం వచ్చని తెలిసి పిలిపించాం. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, మాట చాలా తక్కువ. ఇంటర్వెల్లో వేపచెట్టు కింద అల్లడం మొదలెట్టాడు. నులక మంచం అల్లడం చూశారో లేదో గానీ, ఒక్కడే అల్లితే తాడు చుట్ట పట్టుకుని అస్తమానం ఇటువైపు నుంచి అటువైపుకి తిరగాలి. ఆయన మోకాళ్ళు అందుకు సహకరించేవి కావు. తల ఎత్తకుండా, పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి కుర్రాడితో "ఓరబ్బీ, ఆ కొస అందుకో" అన్నాడు. అంతే. వాడు అవతలి పట్టె దగ్గర కూర్చున్నాడు. ఈయన తాడు కింద నుంచి తోస్తాడు, వాడు అందుకుని బిగించి పైనుంచి తిరిగి పంపిస్తాడు. "రెండు పోగుల మీంచి, రెండు కింద నుంచి... తప్పినావు, ఇప్పు." వాడు తప్పినప్పుడల్లా ఇప్పించాడు. గంట కొట్టినా వాడు లేవలేదు. నేనూ లేపలేదు. మర్నాటికి మంచం చుట్టూ పదిహేను మంది పిల్లలు. మాట తక్కువ అనుకున్న ఆ పెద్దాయన వాళ్ళకి 'గళ్ళు ఎలా పడతాయి' అనే పాఠం చెప్తున్నాడు. లెక్కల మాస్టారిగా నాకు కొంచెం అసూయ కూడా కలిగింది, దాచుకోవడం దేనికి.

నాకు అర్థమైంది ఇది. పిల్లాణ్ణి పెద్దాయనకి ఎదురుగా కూర్చోబెట్టి "మీ అనుభవాలు చెప్పండి తాతగారూ" అంటే ఆయనకి ఏం చెప్పాలో తోచదు, వీడికి ఏం అడగాలో తోచదు. ఇద్దరి మధ్యా ఒక మంచమో, చాటో, మొక్కో, ఫోనో ఉంటే కళ్ళు దాని మీద ఉంటాయి, మాట దానంతటదే వస్తుంది. పైగా ఎక్కువ తక్కువల పేచీ ఉండదు. ఆయనకి చెయ్యి తిరుగుతుంది, వీడికి వంగడానికి నడుం ఉంది.

ఇక్కడొక మాట. మన రెండు జిల్లాల్లో అమ్మానాన్నలు హైదరాబాదో చెన్నయో విశాఖో పనికి వెళ్ళిపోయి, పిల్లల్ని తాత మామ్మల దగ్గర వదిలిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అంటే మీరు కలపాలనుకుంటున్నవాళ్ళు చాలాచోట్ల ఒకే చూరు కింద ఉన్నారు. అయినా మాటల్లేవు. ఎందుకంటే ఆ ఇంట్లో మామ్మ పని అన్నం పెట్టడం, కసరడం, ఫోను లాక్కోవడం. అందుకే సొంత మనవణ్ణి సొంత తాత జట్టులో వెయ్యకండి. పక్కింటి పిల్ల "మామ్మా ఇది ఎలాగ?" అంటే ఓపిగ్గా చెప్పే మనిషే, సొంత మనవరాలు అడిగితే "ముందు కంచం కడుగు" అంటుంది. జట్టు అంటే ఒక పెద్ద, ఇద్దరు పిల్లలు. ఒక్కరైతే సిగ్గుపడతారు, ముగ్గురైతే వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు.

మాకు పనికొచ్చినవి చెప్తాను. అన్నీ మీకు కుదరాలని లేదు.

కొలతలు. ఇది నా సబ్జెక్టు కాబట్టి ఎక్కువ చెప్తాను, ఓర్చుకోండి. ఏడో తరగతిలో ఘాతాలు చెప్పేటప్పుడు పిల్లలకి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు వట్టి అంకెలు. ఒక శనివారం ముగ్గురు పెద్దల్ని వాళ్ళ ఇళ్ళల్లో అటకెక్కిన కొలపాత్రలు పట్టుకురమ్మన్నాం. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వచ్చాయి. ఇసక పోసి కొలిపించాం. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కుంచానికి పదహారు సోలలు, రెండుకి నాలుగో ఘాతం. పుస్తకంలో చూసి చెప్పించిన నాలుగు పీరియడ్లు ఆ గంట ముందు దండగనిపించాయి. సోల చేత్తో పట్టుకున్న మామ్మ "మట్టంగా కొలిస్తే ఒక లెక్క, గుబురుగా పోస్తే ఇంకో లెక్క, బుగత కొలిచేటప్పుడు ఒకలాగ, మనకి ఇచ్చేటప్పుడు ఒకలాగ" అని మొదలెట్టింది. (బుగత అంటే మా వైపు భూస్వామి.) అది ఏ సిలబసులోనూ లేని పాఠం. కౌలు, కూలి, కంబారితనం (పాలేరు పని) అన్నీ ఆ ఒక్క సోలలోంచి బయటికొచ్చాయి. మా సోషల్ టీచరు పరిగెత్తుకొచ్చారు.

కొబ్బరి మొక్కలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం తోటలు ఎలా కూలాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా అందదు. మరుసటి ఏడాది బడి ఆవరణలో పన్నెండు మొక్కలు పెడదామనుకున్నాం. ఊళ్ళో తోట పోగొట్టుకున్న ఇద్దరు పెద్దలొచ్చారు. మూడడుగుల గొయ్యి, అడుగున కొబ్బరి డొక్కలు బోర్లా కాదు, వెల్లకిలా రెండు వరసలు పేర్చాలి, తేమ పట్టి ఉంచుతాయి, మన ఇసక నేలకి అది తప్పనిసరి అని పిల్లల చేత పేర్పించారు. నేను ఊరుకుంటానా, ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు, మొక్కకీ మొక్కకీ పాతిక అడుగులు ఎడం ఉంటే ఎన్ని పడతాయి అని పిల్లల్ని అడిగాను. వాళ్ళు భాగహారం సగంలో ఉండగానే ఒక తాత బీడీ పక్కన పెట్టి "డెబ్బై" అన్నాడు. లెక్క చేస్తే అరవై తొమ్మిది పాయింట్ ఏడు.

అదే తాత ఇంకో ప్రశ్న వేశాడు: "ఎండాకాలం సెలవుల్లో నీల్లెవులు పోస్తారు?" మేము పిల్లలకి వంతులు వేశాం, పట్టిక రాసి గోడకి అంటించాం. మే నెలలో సగం మంది అమ్మానాన్నల దగ్గరికి పట్నాలకి వెళ్ళిపోయారు. అయిదు మొక్కలు ఎండిపోయాయి. మిగిలిన ఏడూ ఆ తాతే పోసి బతికించాడు. మీరు మొక్కల పని పెట్టుకుంటే మే నెలకి జవాబు ముందు వెతుక్కోండి.

ఫోను. ఇక్కడ పిల్లలు మాస్టార్లు. నియమం ఒక్కటే, నొక్కేది పెద్దవాళ్ళ వేలే, పిల్లలు ఫోను ముట్టుకోకూడదు. లేకపోతే టకటకా నాలుగు నొక్కి "అయిపోయింది మామ్మా" అంటారు, మామ్మకి ఏమీ రాదు. చెన్నైలో ఉన్న కొడుక్కి తనే ఫోన్ చేసుకోవాలని ఒకావిడ కోరిక. చదువు రాదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రతి నంబరుకీ ఫొటో పెట్టించింది. అంతా సిద్ధం, తీరా చూస్తే ఆవిడ ఎంత నొక్కినా తెర పలకదు. ఊడ్పులూ కలుపులూ చేసి చేసి వేలి కొనలు రాయిలా బిరుసెక్కి ఉన్నాయి. నాకు తోచలేదు. ఆ అమ్మాయి తడి గుడ్డతో ఆవిడ వేలు తుడిచి, "కొనతో కాదు మామ్మా, పక్కతో, మెల్లిగా, ఈగ వాలినట్టు" అంది. మోగింది. అవతలి నుంచి కొడుకు "ఎవరైనా పోయారా ఏటమ్మా?" అని కంగారుపడ్డాడు. తల్లి తనంతట తను ఫోన్ చేయడం అదే మొదలు మరి.

ఓటీపీ అడిగేవాళ్ళ గురించి కూడా పిల్లల చేతే చెప్పించండి, మోసపోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930 అని ఫోను వెనక చీటీ అంటించండి. పెద్దల సాయానికి 14567 ఉంది, అదీ రాయండి.

మాటలు. గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన మనిషి పేరు చెప్పి, ఆ రోజే స్టేజీ మీద గ్రాంథికం దంచుతాం, కింద కూర్చున్న ముసలమ్మ 'ఏటి' అంటే పిల్లలు నవ్వుతారు. మేము ఆ రోజు పిల్లలకి ఒక నోటుబుక్కు ఇచ్చి ఊరి మాటలు రాసుకురమ్మన్నాం. గోర్జి, గెడ్డ, మదుం, కల్లం, చెలమ లాంటివి. అర్థం రాస్తే చాలదు, చెప్పినవాళ్ళతో అక్కడికి నడిచి వెళ్ళి చూడాలి. మదుం, అంటే చెరువు తూము, ఎక్కడుందో చూపించమంటే ఒకాయన పిల్లల్ని చెరువు గట్టు మీద కిలోమీటరున్నర నడిపించాడు. మా డ్రిల్లు మాస్టారికి కూడా అంత నడక లేదు. ముందే ఒక మాట చెప్పండి పిల్లలకి: పెద్దవాళ్ళ మాట దిద్దకూడదు. మీరు కూడా దిద్దకండి. ఒక్కసారి దిద్దితే ఆ మనిషి మళ్ళీ నోరు విప్పరు.

అష్టాచెమ్మా, వామనగుంటలు కూడా ఆడించాం. బాగానే ఉంటాయి, వానాకాలానికి పనికొస్తాయి. కానీ నాలుగో వారానికి విసుగొచ్చేది పెద్దవాళ్ళకే. "పనేటీ నేదా బాబూ ఇవాళ?" అని అడిగేవారు. పొందూరు దగ్గరివాళ్ళైతే మీకు అంతకంటే మంచిది చేతిలో ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, ఒంటి కదురు రాట్నం మీద సన్న నూలు తీసే చేతులు ఇంకా అక్కడున్నాయి. బొబ్బిలి వైపైతే గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పిల్లల్ని బడి నుంచి బయటికి పంపడానికి హెడ్మాస్టరు జంకితే 2020 జాతీయ విద్యావిధానం చూపించండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చని అందులోనే ఉంది.

ఇక జాగ్రత్తలు. ఇవి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ముక్కుసూటిగా చెప్తాను.

చోటు. బడిలోనో గ్రంథాలయంలోనో పెట్టండి, ఎవరి అరుగు మీదా వద్దు. కొన్ని అరుగులు అందరూ ఎక్కేవి కావు, మీకు తెలియకపోయినా ఊరికి తెలుసు. రామమందిరం కూడా చాలా ఊళ్ళలో అంతే. పెద్దల్లో కొందరు పిల్లల్ని చూడగానే "నువ్వు ఎవులోలివి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకో మనందరికీ తెలుసు. జట్లు మీరే వేయండి, చీటీలు తీసి వేయండి, "నాకు వద్దు" అన్నవాళ్ళకి ఆ వారం పని లేదు. ఒకాయన మూడు వారాలు అలిగి గేటు దాకా వచ్చి వెళ్ళిపోయాడు. నాలుగో వారం వచ్చి చీటీలో వచ్చిన పిల్లలతోనే కూర్చున్నాడు. ఇంకొకాయన ఇక రానేలేదు. నేను బతిమాలలేదు.

పిల్లల భద్రత. అమ్మానాన్నల దగ్గరో, వాళ్ళు ఊళ్ళో లేకపోతే ఇంటి పెద్దల దగ్గరో రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. తలుపులు తీసిన చోట, ఇద్దరు టీచర్ల కళ్ళెదుట జరగాలి. ఏ పిల్లా ఏ పెద్దతోనూ ఒంటరిగా ఉండకూడదు, ఎంత మంచివాళ్ళైనా సరే.

వీడియోలు. మావాడొకడు ఒక మామ్మ పాడిన ఊడ్పు పాట తీసి రీల్ పెట్టేశాడు. కింద రాసిన వెకిలి రాతలు ఆవిడ కొడుకు చూసి బడి మీదకి వచ్చాడు. తప్పు మాదే. అప్పటి నుంచి ఆ గంటలో కెమెరా బయటికి రాదు, ఫొటో కావాలంటే అడిగి, టీచరే తీస్తారు.

ఒంటి సంగతులు. కుర్చీలు గానీ స్టూళ్ళు గానీ ఉండాలి, నేల మీద కూర్చోమనకండి. బాత్రూం దగ్గర్లో ఉండాలి, ముందే కడిగించండి. శుక్లాలున్నవాళ్ళని వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టకండి. వేళ మూడున్నర నుంచి నాలుగున్నర, మధ్యాహ్నం కునుకు అయ్యాక. ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ, ఉద్దానంలో జీడి ఏరే రోజుల్లోనూ ఎవరూ రారు, నొచ్చుకోకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళకి ఇంకొక ముఖ్యమైన మాట: మర్యాదకని కొబ్బరి నీళ్ళు ఇవ్వకండి. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగుతారు. మొహమాటానికి వద్దనలేరు కాబట్టి మీరే ముందు కనుక్కోండి.

చావు. మూడు నెలలో ఏడాదో నడిపితే ఎవరో ఒకరు పోతారు. మా దగ్గర డిసెంబరులో ఒకావిడ పోయింది, చాట అల్లడం సగంలో ఉంది. ఆమె జట్టులోని ఇద్దరు ఆడపిల్లలు ఇంకెవరి జట్టులోకీ వెళ్ళం అన్నారు. బలవంతపెట్టలేదు. రెండుసార్లు ఆ గంటలో వాళ్ళిద్దరే ఒక మూల కూర్చుని, వచ్చినంత అల్లి, రానిది వదిలేశారు. వంకరటింకర చాట. పదో రోజున ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆ ఇంటివాళ్ళు అందులోనే బియ్యం చెరుగుతున్నారట.

వృద్ధాశ్రమం గురించి. తీసుకెళ్ళచ్చు, కానీ యాభై మందిని బస్సెక్కించి, అరటిపళ్ళు పంచి, గ్రూపు ఫొటో దిగి వచ్చేయడమైతే వద్దు. అక్కడున్నవాళ్ళకి అలాంటి బస్సులు అలవాటే. ఎనిమిది మందిని తీసుకెళ్ళండి, ప్రతి పదిహేను రోజులకీ వాళ్ళనే, చేతిలో ఏదో పనితో. "మీ పిల్లలు మిమ్మల్ని ఎందుకు చూడట్లేదు?" అని అడగకూడదని దారిలోనే చెప్పండి. ఎన్నిసార్లు వస్తారో మొదటి రోజే చెప్పి, చివరి రోజున ఇదే ఆఖరు అని కూడా చెప్పి రండి. నాలుగుసార్లు వెళ్ళి చెప్పాపెట్టకుండా మానేస్తే, శనివారం శనివారం గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు ఉంటారు. మీ ప్రశ్న చూస్తే ఊళ్ళోనే అరుగుల నిండా మనుషులున్నారు, ముందు అక్కడ మొదలుపెట్టండి.

ఎలా మొదలెట్టాలంటే, వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వీధిలోకి నడవండి. బ్యానరు వద్దు, మైకు వద్దు. "కార్యక్రమానికి రండి" అనకండి. "మా బడిలో మంచం కుక్కి అయిపోయింది, నులక అల్లడం ఎవరికైనా వచ్చా?" అనండి. మంచం లేకపోతే చాటో, తడకో, చీపురో, బడిలో పాడైనది ఏదో ఒకటి ఉండకపోదు. మొదటి ఇంట్లో "ఇప్పుడెవులు చేస్తున్నారు బాబూ అయ్యన్నీ" అంటారు. మూడో ఇంట్లోనో నాలుగో ఇంట్లోనో ఎవరో కండువా దులుపుకుని లేస్తారు. ఆయన వచ్చేసరికి స్టూలు ఒకటి, చెంబుడు మంచినీళ్ళు సిద్ధంగా ఉంచండి.